ఏనుగులతో బ్యాలే ఆడించారట, నమ్మాలా?

సందేహాలరావు
మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. ఏ విషయం ఎత్తినా "దానికో కథ ఉంది" అంటాడు. నిన్న భోజనాల దగ్గర, 1942లో న్యూయార్కులో 50 ఏనుగులకు గౌన్లు తొడిగి బ్యాలే ఆడించారని, దానికి సంగీతం రాసింది స్ట్రావిన్‌స్కీ అని, నృత్యం కూర్చింది బాలన్‌షీన్ అని చెప్పాడు. నేను పకపకా నవ్వాను. ఆయనకు పౌరుషం వచ్చి పందెం కాశాడు. ఓడినవాడు టేబుల్ మొత్తానికి బిర్యానీ పెట్టించాలి.

బ్యాలే గురించి నాకు తెలిసిందల్లా తెల్ల గౌన్లు, మునివేళ్ల మీద నడక, చివర్లో ఎవరో ఒకరు చచ్చిపోవడం. దాని మీద వచ్చే వ్యాసాలు కూడా కళ్లొత్తుకుంటూ రాసినట్టే ఉంటాయి. అలాంటి చోటికి ఏనుగులు ఎలా వచ్చాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

మూడోగంట
బిర్యానీ ఆర్డరు ఇచ్చెయ్యండి. మీరు ఓడిపోయారు.

పాతపుస్తకం
అక్షరాలా నిజం. రింగ్లింగ్ సోదరుల సర్కసు వాళ్లు కొత్తదనం కావాలని బాలన్‌షీన్‌ను పట్టుకున్నారు. ఆయన స్ట్రావిన్‌స్కీకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ముచ్చటను బ్యాలే వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక పోల్కా, అంటే గెంతుతూ ఆడే నాట్యానికి సంగీతం, రాసి పెట్టమని బాలన్‌షీన్ అడిగితే ఎవరు ఆడతారని స్ట్రావిన్‌స్కీ అడిగాడట. ఏనుగులు అన్నాడు ఈయన. వాటి వయసెంత అని ఆయన ప్రశ్న. చిన్నవే అని జవాబు. మరీ చిన్నవైతే సరే, రాస్తానన్నాడట. రాసి, ఒక గున్న ఏనుగుకు అంకితం కూడా ఇచ్చాడు.

దాని పేరు సర్కస్ పోల్కా. మొదటి ప్రదర్శన 1942 ఏప్రిల్ 9న, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. 50 ఏనుగులు, 50 మంది అమ్మాయిలు. ముందుండి నడిపించిన ఏనుగు పేరు మోడాక్. బాలన్‌షీన్‌కు అప్పటి భార్య వేరా జోరినా కూడా ఆ ప్రదర్శనలో ఉంది. సర్కసు బ్యాండుకు తగ్గట్టు ఆ స్వరాలను అమర్చింది డేవిడ్ రాక్సిన్ అనే సినిమా సంగీత దర్శకుడు. స్ట్రావిన్‌స్కీ దాన్నే పూర్తి ఆర్కెస్ట్రాకు తిరగరాశాడు, అది 1944లో మొదటిసారి కచేరీలో వినిపించింది. ఇప్పటికీ కచేరీల్లో వాయిస్తుంటారు. నాలుగు నిమిషాలు కూడా ఉండదు.

కాజాకాకినాడ
"అప్పటి భార్య" అన్నారు. మొత్తం ఎంతమందండీ?

పాతపుస్తకం
చట్టప్రకారం నలుగురు. నలుగురూ నాట్యకత్తెలే. మిగతావాళ్లూ ఈ చర్చలోకి వస్తారు, తొందరపడకండి.

నట్టువాంగం
పిల్లలకు కూచిపూడి చెప్పుకునే దాన్ని, తాళం మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నాను. ఆ పోల్కా ఒకసారి విని చూడండి. పేరుకు పోల్కా. ఒక చోట అడుగు పడుతుందనుకుంటే అక్కడ పడదు, దెబ్బ ఇంకెక్కడో వచ్చి తగులుతుంది. నా శిష్యుల్లో సగం మంది తప్పుతారు. సర్కసు ఏనుగులకు అలవాటైనవి వాల్ట్జులు, మెల్లగా సాగే పాటలు. ఈ సంగీతానికి అవి బెదురుతున్నాయని మావటీలు మొత్తుకున్నారని చదివాను. చివర్లో మాత్రం షూబర్ట్ సైనిక కవాతు బాణీ వంకరటింకరగా వినపడుతుంది. అక్కడికి వచ్చేసరికి పాపం ఏనుగులు కూడా ఊపిరి పీల్చుకుని ఉంటాయి.

వేపచెట్టు
అందరూ నవ్వుతున్నారు, నాకు నవ్వు రావడం లేదు. అంకుశం చూపించి ఏనుగుకు గౌను తొడిగితే అది కళ అవుతుందా? దాని పక్కన పెద్ద పేర్లు రాసుకుంటే పాపం పోతుందా?

టెక్సాస్‌తాత
వేపచెట్టు గారూ, మీ మాటతో ఏకీభవిస్తాను. ఆ సర్కసు వాళ్లే 2016లో ఏనుగుల ఆటలు మానేశారు. జనం మీలాగే గొడవ చేసినందువల్లే. కానీ 1942లో ఆ ప్రశ్న వేసినవాళ్లు తక్కువ. ఊళ్లోకి సర్కసు వస్తే బడికి సెలవిచ్చిన కాలం నేనూ ఎరుగుదును.

మూడోగంట
ఒక్క మాట చెప్పి వెళతాను. స్ట్రావిన్‌స్కీ ఆ ప్రదర్శన చూడనే లేదట. తర్వాత ఎప్పుడో అందులో ఆడిన ఏనుగు ఎదురైతే మర్యాదగా దాని పాదం పట్టుకుని ఊపాడట. అంత పెద్ద సంగీతకారుడి చేత కాళ్లు పట్టించుకున్న ఘనత మరే కళాకారుడికీ దక్కలేదు.

సందేహాలరావు
సరే, ఓడిపోయాను. ఫోన్లో మీ జవాబులు చూపిస్తే ఆయన అదనంగా డబల్ కా మీఠా కూడా చెప్పించాడు. డబ్బు ఎలాగూ పోయింది, కాస్త విలువైనా రాబట్టుకుంటాను. ఆ కాలం బ్యాలేలో ఇలాంటివి ఇంకా ఉన్నాయా, లేక ఏనుగులతోనే సరా?

లండన్‌లలిత
టోపీల గొడవ వినలేదా మీరు? ఏనుగులకంటే నాకు అదే ఇష్టం.

1956లో మాస్కో నుంచి బల్షోయ్ బ్యాలే మొట్టమొదటిసారి లండన్ రావాలి. స్టాలిన్ పోయి మూడేళ్లయింది, ఇనుప తెర కాస్త పక్కకు జరుగుతోంది. కోవెంట్ గార్డెన్ నాటకశాల టికెట్ల కోసం జనం రాత్రంతా కాలిబాట మీద వరుసలో పడుకున్నారు. సరిగ్గా అప్పుడే, ఆగస్టు చివర్లో, క్రీడా పోటీలకని వచ్చిన సోవియట్ బృందంలో నీనా పొనొమర్యోవా అనే డిస్కస్ క్రీడాకారిణి ఆక్స్‌ఫర్డ్ వీధిలోని ఒక దుకాణంలో ఐదు టోపీలు దొంగిలించిందని పట్టుకున్నారు. ఆవిడ సామాన్యురాలు కాదు, 1952 ఒలింపిక్స్ స్వర్ణ విజేత. ఐదు టోపీలూ కలిపి ఖరీదు 32 షిల్లింగుల 11 పెన్నీలు. రెండు పౌన్లు కూడా లేదు!

డబ్బు చెల్లించాను, రసీదు తీసుకోలేదు అని ఆవిడ వాదన. కోర్టుకు రాకుండా రాయబార కార్యాలయంలో వారాల తరబడి కూర్చుండిపోయింది. ఇటు అథ్లెటిక్స్ పోటీ రద్దయింది. అటు మాస్కోలో బల్షోయ్ వాళ్లకు కోపం వచ్చింది, మా అమ్మాయి మీద దొంగతనం కేసు పెట్టిన దేశానికి మేం రాము అనే దాకా వెళ్లింది. ఐదు టోపీల కోసం రెండు దేశాల విదేశాంగ శాఖలు కాగితాలు రాసుకున్నాయంటే మీరే ఆలోచించుకోండి.

చివరికి బ్యాలే బృందం వచ్చింది. అక్టోబరు 3న బల్షోయ్ తార గలీనా ఉలనొవా జూలియట్‌గా ఆడింది. అక్టోబరు 12న పొనొమర్యోవా కోర్టుకు వచ్చింది. తప్పు రుజువైందన్నారు, శిక్ష లేదన్నారు, కోర్టు ఖర్చుల కింద మూడు గినీలు కట్టమన్నారు. ఆవిడ ఇంటికి వెళ్లి అదే ఏడాది ఒలింపిక్స్‌లో కాంస్యం, 1960లో మళ్లీ స్వర్ణం గెలుచుకుంది. టోపీలు ఎవరి దగ్గర ఉన్నాయో మాత్రం ఎవరూ రాయలేదు.

కాజాకాకినాడ
డిస్కస్ విసిరే చేతికి టోపీలు అంటుకోవడం సహజమే.

వేపచెట్టు
రసీదు అడగడం మరిచిపోయిన ఆడమనిషి మాట మీరెవరూ నమ్మరేమి? భాష రాని ఊళ్లో నాకూ అలాంటి అనుభవమే అయింది. సంచి మొత్తం బల్ల మీద బోర్లించారు. నాకైతే నీనా మీద జాలిగా ఉంది.

ట్యాంక్‌బండ్
ఎట్టకేలకు ఉలనొవా పేరు వచ్చింది! మా తరం వాళ్లకు బ్యాలే అంటే "సోవియట్ భూమి" పత్రికే. నున్నటి కాగితం, కొంచెం కిరసనాయిలు లాంటి వాసన, మధ్య పేజీలో హంస వేషంలో ఒకావిడ. చదివినవాళ్లు ఎంతమందో తెలియదు గాని, నోటు పుస్తకాలకు అట్టలు వేసుకోని పిల్లవాడు లేడు. నా లెక్కల పుస్తకం మీద బల్షోయ్ హంసలు, సాంఘిక శాస్త్రం మీద ట్రాక్టరు. మా లెక్కల మాస్టారు ఆ హంసను చూసి, "ఇంత ఒంటికాలి మీద నిలబడగలిగిన మనిషి ఉండగా నువ్వు ఎక్కం నిలబడి చెప్పలేవా" అనేవారు.

ఇంకో మాట. లండన్ బ్యాలే తార ఫాంటేన్ ఎంత గొప్పదైనా ఉలనొవా ముందు దిగదుడుపే. లండన్ వచ్చేనాటికి ఆవిడకు 46 ఏళ్లు. పద్నాలుగేళ్ల జూలియట్‌ను ఆడి లండన్ వాళ్లను ఏడిపించింది.

గడపదాటనివాడు
46 ఏళ్ల మనిషి పద్నాలుగేళ్ల పిల్లగానా?

మూడోగంట
మన సినిమాల్లో అంతకంటే పెద్దవాళ్లు కాలేజీకి వెళ్లి, ఫస్టు క్లాసులో పాసై ఇంటికి రాలేదా?

లండన్‌లలిత
ట్యాంక్‌బండ్ గారూ, పోలిక పెట్టారు కాబట్టి ఊరుకోను. ఉలనొవా గొప్పదే, కాదన్నవాళ్లు లేరు. ఆ ప్రదర్శన చూసి ఇంగ్లీషు వాళ్లు తమ నాట్యం చప్పగా ఉందని బెంగపడ్డ మాట కూడా నిజం. కానీ ఆవిడ వెనక దేశం మొత్తం ఉంది. ఇక్కడ ఫాంటేన్ బృందం ఎలా బతికిందో తెలుసా? 1940 మేలో వాళ్లు హాలండ్‌లో ఆడుతుంటే జర్మన్లు దండెత్తారు. వేషాలు, తెరలు, స్వరాల కాగితాలు అన్నీ వదిలేసి సరుకుల ఓడ ఎక్కి ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత వాద్యబృందం పెట్టుకునే స్థోమత లేక రెండు పియానోలతో ఊరూరా ఆడారు. ఒక పియానో మీద సంగీత దర్శకుడు కాన్‌స్టంట్ లాంబర్ట్ తనే కూర్చునేవాడు.

కోవెంట్ గార్డెన్‌నైతే యుద్ధం రోజుల్లో జంటలు టికెట్టు కొనుక్కుని వచ్చి ఆడుకునే డాన్సు హాలుగా మార్చేశారు. 1946 ఫిబ్రవరి 20న స్లీపింగ్ బ్యూటీతో దాన్ని మళ్లీ తెరిచారు, రాజకుటుంబం వచ్చి కూర్చుంది. బట్టలు ఇంకా కూపన్ల మీదే ఇస్తున్నారు. అలాంటి సమయంలో ఆలివర్ మెసెల్ రంగస్థలం మీద ఒక రాజదర్బారు కట్టి చూపించాడు. చూసేవాళ్ల ఒంటి మీద కోట్లు మాసికలు, వేదిక మీద పట్టు పీతాంబరాలు. మూడేళ్లకు అదే నాటకంతో న్యూయార్కు వెళ్లి, 1949 అక్టోబరు 9న ఊరిని గెలుచుకుని వచ్చారు.

ట్యాంక్‌బండ్
సరే, కష్టాల్లో మీవాళ్లే గెలిచారు. నాట్యంలో మావాళ్లే.

పాతపుస్తకం
"మావాళ్లు" అంటున్నారు గాని మీవాళ్లలోనూ విసిగిపోయినవాళ్లు ఉన్నారు. మాస్కోకు ఏ దేశాధినేత వచ్చినా సాయంత్రం స్వాన్ లేక్‌కు తీసుకెళ్లడం ఆచారం. బల్షోయ్ నాట్యకత్తె మాయా ప్లిసెత్‌స్కయా తన ఆత్మకథలో రాసుకుంది: అతిథులు మారతారు గాని సోవియట్ అధినేత క్రుశ్చేవ్ మారడు కదా, ప్రతిసారీ పక్కన కూర్చోవాలి. రాత్రి కలలో తెల్ల గౌన్లూ యుద్ధ ట్యాంకులూ కలగలిసి కనిపిస్తున్నాయని ఆవిడ దగ్గరే మొరపెట్టుకున్నాడట.

కాజాకాకినాడ
మా ఇంట్లో పెళ్లి వీడియో పరిస్థితి అదే. చుట్టం వస్తే చాలు.

గడపదాటనివాడు
నాకు ఒక అనుమానం. ఆ మునివేళ్ల మీద నిలబడటం ఎలా సాధ్యం? బూటులో ఇనుము పెడతారా?

లండన్‌లలిత
ఇనుమూ లేదు, కర్రా లేదు. మా అమ్మాయి నేర్చుకున్నప్పుడు పాత జత ఒకటి విప్పి చూశాను. పైన సాటిన్ గుడ్డ. లోపల గోనె గుడ్డ పొరలు, కాగితం, మధ్యమధ్యలో పిండి జిగురు. సినిమా వాల్‌పోస్టర్ అంటించే మైదా జిగురు గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే. ముందు లోపలిది బయటికి తిప్పి కుట్టి, తర్వాత మళ్లీ తిరగేసి, వేళ్ల దగ్గర డబ్బాలా మలిచి, ఆరబెడతారు. ఆరితే చెక్కలా గట్టిపడుతుంది. కాలి చెమటకు మళ్లీ మెత్తబడుతుంది. అందుకే పెద్ద నాట్యకత్తెలకు ఒక్క రాత్రికే జత అరిగిపోతుంది.

లండన్‌లో 1929 నుంచి ఫ్రీడ్ అనే కొట్టు ఉంది. అక్కడ ఒక్కొక్క పనివాడికి ఒక్కొక్క గుర్తు, అట్ట అడుగున కొడతాడు. నాట్యకత్తెకు ఆ మనిషి ముఖం తెలియకపోయినా గుర్తు తెలుసు. అతను పని మానేస్తే ఏడుస్తారు. కొత్త జత రాగానే చేసే మొదటి పని దాన్ని చితక్కొట్టడం. తలుపు సందులో పెట్టి నొక్కుతారు, మెట్ల మీద బాదుతారు, సుత్తితో కొడతారు. లేకపోతే వేదిక మీద గుర్రం డెక్కల చప్పుడు వస్తుంది. చివరగా అడుగుకు రోజిన్ పొడి రాసుకుని వెళతారు, జారకుండా.

వేపచెట్టు
ఇంత హింస ఎందుకు? ఫాంటేన్ ఒంటికాలి మీద నిలబడి నలుగురు రాకుమారులకు ఒకరి తర్వాత ఒకరికి చెయ్యి అందించే ఘట్టం ఒకటి ఉంటుంది కదా, స్లీపింగ్ బ్యూటీలో. అందరూ ఊపిరి బిగపట్టి చూస్తారు, పడిపోతుందేమో అని. తాడు మీద నడిచే అమ్మాయిని చూసేదీ అందుకే. ఏనుగులను తిట్టాను గాని, సర్కసుకూ దీనికీ తేడా చెప్పండి.

నట్టువాంగం
తేడా ఉంది. తాడు మీది అమ్మాయి పడలేదు కాబట్టి చప్పట్లు కొడతాం. కథానాయిక అరోరాకు ఆ రోజు పదహారో పుట్టినరోజు, నలుగురు కొత్తవాళ్లు పెళ్లాడతామని వచ్చారు. ఒకడి చెయ్యి వదిలి ఇంకొకడి చెయ్యి అందుకునే లోపు ఆమె ఎవరి ఆసరా లేకుండా నిలబడుతుంది. ఆ రెండు క్షణాల్లో పిల్ల పెద్దదవుతుంది. పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి మావాళ్లు తరంగం ఆడేటప్పుడు మీరు పళ్లేన్ని చూస్తారా, కృష్ణుణ్ణి చూస్తారా? పళ్లేన్నే చూశారంటే ఆడేవాళ్లు సరిగ్గా ఆడలేదని అర్థం.

వేపచెట్టు
నిజం చెబితే పళ్లేన్నే చూస్తాను. ఎప్పుడూ.

నట్టువాంగం
మా ప్రదర్శనకు రండి, తేల్చుకుందాం.

టెక్సాస్‌తాత
అమెరికా సంగతి ఎవరూ ఎత్తలేదు. మా పక్క రాష్ట్రం ఓక్లహామాలో ఓసేజ్ తెగ అమ్మాయి ఉండేది, మరియా టాల్‌చీఫ్. అప్పట్లో బ్యాలే అంటే రష్యన్ పేరు ఉండాలి. లండన్ అమ్మాయి లిలియన్ అలీసియా మార్క్స్ అలీసియా మార్కోవా అయింది. హీలీ-కే అనే ఇంగ్లీషు కుర్రాడు ఆంటన్ డోలిన్ అయ్యాడు. ఈ అమ్మాయినీ టాల్‌చీవా అని మార్చుకోమన్నారు. కుదరదంది. ఇంటి పేరు ఇంటి పేరే, కావాలంటే ముందు పేరు మార్చుకుంటానని బెట్టీ మేరీ కాస్తా మరియా అయింది. పాతపుస్తకం గారి జాబితాలో ఈమె బాలన్‌షీన్‌కు తర్వాతి భార్య. 1949లో ఫైర్‌బర్డ్ ఆడి అందరి నోళ్లూ మూయించింది.

ఆ బాలన్‌షీనే 1954లో నట్‌క్రాకర్ చేశాడు. పెట్టుబడి 40,000 డాలర్లు, అందులో 25,000 ఒక్క క్రిస్మస్ చెట్టుకే అయిందని చెబుతారు. వేదిక మీద చెట్టు నిలువెత్తు పెరగాలి, చెట్టు లేకపోతే బ్యాలేనే లేదని పట్టుబట్టాడు. మా మనవరాలికి చూపించడానికి వెళ్లి నేను కూడా నోరు తెరుచుకుని చూశాను. మనవరాలు నిద్రపోయింది.

కాజాకాకినాడ
తాతగారూ, నిర్మాతల ఉసురు తగిలి ఉంటుంది. ఒక్క సెట్టుకే సగానికి పైగా తగలేసే దర్శకులు మనకు మాత్రం కొత్తా?

టెక్సాస్‌తాత
తగలేసినా మిగిలిందబ్బాయ్. ఇప్పటికీ ప్రతి డిసెంబరూ ఆ బృందాన్ని పోషించేది ఆ చెట్టే.

లండన్‌లలిత
నవ్వుల మాటకొస్తే ఇంగ్లీషు నృత్య దర్శకుడు ఆష్టన్‌ను మించినవాడు లేడు. 1948 డిసెంబరులో సిండరెల్లా చేశాడు. సవతి అక్కలిద్దరి వేషాలూ మగవాళ్లవే: ఒకరు రాబర్ట్ హెల్ప్‌మన్, రెండోవాడు స్వయానా ఆష్టన్. హెల్ప్‌మన్ పెత్తనం చేసే అక్క. ఆష్టన్ బిడియస్తురాలైన చెల్లెలు, విందులో తను నేర్చుకున్న అడుగులు మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటూ ఆడుతుంది. జనం కథానాయికను మరిచిపోయి ఈ ఇద్దరినీ చూశారట.

ట్యాంక్‌బండ్
అందులో విశేషమేముంది? వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్లం మనం.

నట్టువాంగం
రెండూ ఒకటి కాదండీ. శర్మ గారు జడ ముందుకు వేసుకుంటే ఆడవాళ్లే అసూయపడేవాళ్లు, మగవాడన్న సంగతే గుర్తుకు రాదు. ఆష్టన్ అక్కలను మగవాళ్లని గుర్తుంచుకునే నవ్వాలి. రెండో పద్ధతిలో చులకన చేసే ప్రమాదం ఎక్కువ. ఆష్టన్ తప్పించుకున్నాడంటే, ఆ చెల్లెలి బిడియం ఆయన సొంత బిడియం కావడం వల్లనే అనుకుంటాను.

లండన్‌లలిత
బాగా చెప్పారు. అదే ఆష్టన్ 1960 జనవరిలో లా ఫీ మాల్ గార్దే చేశాడు. అందులోనూ తల్లి వేషం మగవాడిదే, చెక్క చెప్పులు వేసుకుని టకటకలాడిస్తుంది. తెర లేవగానే ఒక కోడిపుంజు, నాలుగు పెట్టలు ఆడతాయి. మనుషులే లెండి, ఈకలతో. పొట్టి గుర్రం మాత్రం నిజమైనదే, బండి లాక్కుంటూ వేదిక మీదికి వస్తుంది.

గడపదాటనివాడు
గుర్రం ప్రదర్శన మధ్యలో తన పని తాను చేసుకుంటేనో?

లండన్‌లలిత
చీపురు పట్టుకుని ఒకరు పక్కన సిద్ధంగా ఉండక తప్పదు.

పాతపుస్తకం
నవ్వించడంలో అమెరికా తరఫున జెరోమ్ రాబిన్స్‌ను చెప్పాలి. 1956 మార్చిలో ది కన్సర్ట్ అనే బ్యాలే చేశాడు. షోపాన్ పియానో వింటూ జనం పగటికలలు కంటారు, అంతే కథ. అందులో ఒక వాల్ట్జ్ ఉంది. ఆరుగురు అమ్మాయిలు గంభీరంగా ఆడుతుంటారు, ఎవరో ఒకరు తప్పుతుంటారు. అందరి చేతులూ పైకి లేస్తే ఒక చెయ్యి కింద ఉంటుంది. తప్పు తెలుసుకుని ఆ పిల్ల చెయ్యి ఎత్తేసరికి మిగతావాళ్లు దించేస్తారు. పక్కదాన్ని ఓరకంట చూసి సర్దుకుంటే పక్కది కూడా తప్పే చేస్తూ ఉంటుంది. ఒక్కరూ నవ్వరు. నవ్వితే పాడైపోతుంది. అంత కచ్చితంగా తప్పడానికి ఎంత సాధన కావాలో!

నట్టువాంగం
మా వార్షికోత్సవంలో సాధన లేకుండానే ఇలా జరుగుతుంది.

పాతపుస్తకం
అందులో ముఖ్య వేషం వేసింది తనకీల్ లక్లేర్. బాలన్‌షీన్ నాలుగో భార్య. పొడుగ్గా, చిలిపిగా, నవ్వించడంలో ఆమెకు సాటి లేరని పేరు. ఆ ఏడాది శరత్కాలంలోనే కోపెన్‌హేగన్ పర్యటనలో పోలియో వచ్చింది. 27 ఏళ్లు. మళ్లీ నడవలేదు. ఆమె ఇంకా నేర్చుకునే పిల్లగా ఉన్నప్పుడు పోలియో నిధుల కోసం బాలన్‌షీన్ ఒక చిన్న నాట్యం చేశాడు, అందులో నల్ల దుస్తుల్లో పోలియోగా వచ్చి ఆమెను పడగొట్టేది ఆయనే. ఆ సంగతి ఆయన్ను చివరిదాకా వదల్లేదంటారు. ముచ్చట్ల మధ్య ఇది రాయాలా వద్దా అని తటపటాయించాను. ది కన్సర్ట్ గురించి చెప్పి ఆమెను చెప్పకుండా ఉండలేకపోయాను.

వేపచెట్టు
రాసి మంచి పని చేశారు. తర్వాత ఆవిడ ఏం చేసింది?

పాతపుస్తకం
చక్రాల కుర్చీలోంచే పాఠాలు చెప్పింది, చేతులతో, వేళ్లతో అడుగులు చూపిస్తూ. 2000 దాకా బతికింది. బాలన్‌షీన్ ఇంట్లో పిల్లి చేత బ్యాలే గంతులు వేయిస్తే, ఆ పిల్లి ఆత్మకథ కూడా రాసింది.

మూడోగంట
అయితే పిల్లి కూడా ఉందన్నమాట. ఈ బ్యాలే వాళ్లు దేన్నీ వదల్లేదు.

నా వంతు ముచ్చట ఒకటి. 1957 అక్టోబరులో పాల్ టేలర్ అనే ఆయన న్యూయార్కులో ప్రదర్శన ఇచ్చాడు. అందులో ఒక అంశంలో తను నిలబడి ఉంటాడు, పక్కన ఒకావిడ కూర్చుని ఉంటుంది. నాలుగు నిమిషాలు ఇద్దరూ కదలరు. తెర పడుతుంది. విమర్శకుడు లూయి హార్స్ట్ తన పత్రికలో సమీక్ష వేశాడు: పైన ప్రదర్శన వివరం, కింద తన పొట్టి సంతకం, మధ్యలో ఖాళీ.

ట్యాంక్‌బండ్
అది బ్యాలే కాదు, ఆధునిక నృత్యం. ఈ చర్చకు సంబంధం లేదు.

మూడోగంట
ఏనుగులకు సంబంధం ఉంది గాని నిలబడ్డ మనిషికి లేదా?

కాజాకాకినాడ
మీ ఇద్దరికీ నా సమీక్ష:

గడపదాటనివాడు
కాజా గారి సమీక్ష బాగుంది. ఫాంటేన్ జైలుకు వెళ్లిందని ఎక్కడో విన్నాను. అదీ నిజమేనా, లేక అది ఇంకో బిర్యానీయా?

లండన్‌లలిత
నిజమే. 1959 ఏప్రిల్, పనామా. ఆవిడ భర్త టిటో అరియాస్ ఆ దేశపు పెద్ద రాజకీయ కుటుంబం వాడు. ప్రభుత్వాన్ని కూలదోయాలని పథకం వేశాడు. పైకి చూపించిన కారణం చేపల వేట. పడవలో భార్యాభర్తలిద్దరూ సముద్రం మీదికి వెళ్లారు. పథకం బెడిసికొట్టింది. ఆయన తప్పించుకున్నాడు, ఆవిడ దొరికిపోయింది. ఒక రాత్రి జైల్లో ఉంచి, దేశం దాటించేశారు. ఆ తర్వాత మామూలుగానే లండన్ వచ్చి ఆడింది.

తెల్ల గౌనులో చచ్చిపోవడం తప్ప బ్యాలేలో ఏముంది అని రావు గారు మొదట్లో అన్నారు కదా, స్వాన్ లేక్ రాణి ఒకావిడ ఇలా తుపాకుల వ్యవహారంలో తేలింది.

సందేహాలరావు
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపు భోజనాల దగ్గర ఈ కథతో నేను పందెం కాస్తాను.

పాతపుస్తకం
క్యూబా నాట్యకత్తె అలీసియా అలాన్సోను కూడా తీసుకెళ్లండి. ఇరవై ఏళ్లప్పుడే రెటీనా ఊడి, చూపు మందగించింది. శస్త్రచికిత్సల తర్వాత నెలల తరబడి కళ్లకు కట్టుతో కదలకుండా పడుకోవాలి. పక్క మీద పడుకునే చేతివేళ్లతో జిజెల్ అనే బ్యాలే మొత్తం ఆడి నేర్చుకుంది. 1943 నవంబరులో మార్కోవాకు ఒంట్లో బాగోలేకపోతే ఆమె బదులు అదే జిజెల్ ఆడి పేరు తెచ్చుకుంది. తర్వాత వేదిక మీద రంగు దీపాల ఆనవాలుతో ఎక్కడ నిలబడాలో పోల్చుకునేది. భాగస్వామి సరిగ్గా ఉండాల్సిన చోట ఉండకపోతే అంతే సంగతులు. 1948లో సొంత బృందం పెట్టి, చాలా పెద్ద వయసు దాకా ఆడుతూనే ఉంది.

నట్టువాంగం
మన దేశంలోనూ సరిగ్గా ఆ రోజుల్లోనే బ్యాలే పేరుతో గొప్ప పని జరిగింది. ఎవరూ ఎత్తరేమిటా అని చూస్తున్నాను. ఉదయ్ శంకర్ 1923లో రష్యన్ నాట్యకత్తె అన్నా పావ్లొవాకు రాధాకృష్ణుల నాట్యం కూర్చి, పక్కన తనే కృష్ణుడిగా ఆడాడు. తిరిగివచ్చి అల్మోడాలో కేంద్రం పెట్టాడు. ఆయన సినిమా కల్పనను మన మద్రాసు జెమినీ స్టూడియోలోనే తీశారు. అల్మోడాలో పని చేసిన శాంతి బర్ధన్ 1952లో బొంబాయిలో లిటిల్ బ్యాలే ట్రూప్ పెట్టి రామాయణం చేశాడు. అందులో మనుషులే కొయ్యబొమ్మలు. మోచేయి విరిచినట్టు లేస్తుంది, మెడ ఒక్కసారిగా తిరుగుతుంది, నడకలో మోకాలు మడత పడదు. రాముడు కూడా అంతే. క్షయ పీడిస్తుంటే చేసిన పని అది. 1954లో పోయాడు, తర్వాత ఆయన భార్య గుల్ బర్ధన్ ఆ బృందాన్ని నడిపించింది. తోలుబొమ్మలు ఆడించే మన ఊళ్ల వాళ్లకు ఆ రామాయణం చూపిస్తే ఏమనేవారో అని నాకు ఎప్పుడూ కుతూహలం.

టెక్సాస్‌తాత
నిజమైన బొమ్మకు జీతం ఇవ్వక్కరలేదు కదా అనేవారు.

ట్యాంక్‌బండ్
ఇంత చెప్పి సోవియట్ నర్తకుడు నురెయెవ్‌ను వదిలేస్తే ఎలా? 1961 జూన్‌లో పారిస్ విమానాశ్రయంలో తన కాపలాదారులను విడిపించుకుని పోలీసుల దగ్గరికి వెళ్లిపోయాడు. మావాళ్లకు నష్టమే అయినా ఒప్పుకోవాలి, ఎగిరితే కిందికి దిగడం మరిచిపోయేవాడు.

పాతపుస్తకం
1961 అంటే శతాబ్దం మధ్య భాగం దాటిపోయినట్టే. ఫాంటేన్‌కు 42, అతనికి 23 ఏళ్లప్పుడు ఇద్దరూ కలిసి జిజెల్ ఆడారు, 1962లో. అది విడిగా రాయవలసినంత పెద్ద కథ. "నురెయెవ్" అని కొత్త చర్చ తెరిచాను, అక్కడికి రండి.

కాజాకాకినాడ
వస్తున్నాం. ఫాంటేనా ఉలనొవానా అని మాత్రం అక్కడ మళ్లీ మొదలుపెట్టకండి.

ట్యాంక్‌బండ్
ఉలనొవా.